పిల్లలు సైకిలు మీద లద్దాఖ్ వెళతామంటే...



ఇదివరకు పిల్లలు సైకిలు కొనిపెట్టమంటే మన భయమల్లా వీధి చివర వచ్చే లారీ గురించే. ఇప్పుడు ఆ పిల్లలే పెద్దవాళ్లయి, ఉద్యోగాల్లో చేరి, "అమ్మా, పదిహేను రోజులు సెలవు పెట్టాను. స్నేహితులతో కలిసి మనాలీ నుంచి లేహ్‌కి సైకిలు మీద వెళుతున్నాను" అంటున్నారు. అబ్బాయిలే కాదు, అమ్మాయిలూ వెళుతున్నారు. పెళ్లయి పిల్లలున్న ఇల్లాళ్లు కూడా వెళ్లి వస్తున్నారు. ఇంట్లో ఈ మాట వినగానే మనం సాధారణంగా రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తాం. "వద్దు గాక వద్దు" అంటాం. లేకపోతే "నీ యిష్టం, దేవుడి మీద భారం" అని ఊరుకుంటాం. ఈ రెండింటివల్లా ప్రయోజనం లేదు. వద్దన్నా వెళ్లదలుచుకున్నవాళ్లు వెళతారు, మనకి చెప్పకుండా వెళతారు, అంతే తేడా. అంచేత ఆ దారి సంగతేమిటో, అక్కడ ప్రమాదం ఎలా వస్తుందో, ఇంట్లో కూర్చుని మనం చెయ్యగలిగిందేమిటో ఈవేళ తెలుసుకుందాం.

ముందు దారి సంగతి. మనాలీ హిమాచల్ ప్రదేశ్‌లో వుంది. సముద్రమట్టానికి సుమారు 2,050 మీటర్ల ఎత్తు. లేహ్ లద్దాఖ్‌లో వుంది, ఎత్తు సుమారు 3,500 మీటర్లు. రెండింటి మధ్య పాత దారి దాదాపు 475 కిలోమీటర్లు. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచాక 46 కిలోమీటర్లు తగ్గింది. అంటే 2,050 నుంచి 3,500కి మెల్లిగా ఎక్కడమే గదా అనుకుంటాం. అలా కాదు. మధ్యలో కనుమలున్నాయి. లద్దాఖీ భాషలో కనుమని 'లా' అంటారు. రోహ్‌తాంగ్ 3,978 మీటర్లు, బారాలాచా లా సుమారు 4,890, లాచులుంగ్ లా సుమారు 5,060, తాంగ్లాంగ్ లా సుమారు 5,328. మన హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. ఊటీ అయినా 2,240 మీటర్లే. కాబట్టి తిరుమల మెట్లెక్కినా ఆయాసం రాలేదన్న ధైర్యం అక్కడ పనికి రాదు. మన వైపు కొండల్లో ఆ జబ్బుని మనం చూసే అవకాశమే లేదు.

ఆ జబ్బు ఏమిటో అర్థం కావాలంటే మన ప్రెషర్ కుక్కరుని తలుచుకోండి. కుక్కరులో పీడనం ఎక్కువ గనక నీళ్లు ఎక్కువ వేడెక్కాక మరుగుతాయి, పప్పు తొందరగా ఉడుకుతుంది. ఎత్తైన కొండమీద దీనికి సరిగ్గా వ్యతిరేకం. గాలి బరువు తక్కువ, పీడనం తక్కువ. లేహ్‌లో నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. తాంగ్లాంగ్ లా మీద 82, 83 డిగ్రీలకే. అంచేత అక్కడ మామూలు గిన్నెలో కందిపప్పు పెడితే గంటలు గడిచినా పలుకు విడవదు. అక్కడి ఇల్లాళ్లకి కుక్కరు లేనిదే గడవదు.

మన ఊపిరితిత్తులకీ ఇదే చిక్కు. గాలిలో ప్రాణవాయువు శాతం ఎక్కడైనా ఒక్కటే, 21 శాతం. కాని పీడనం తగ్గడంతో ఒక్కొక్క శ్వాసలో లోపలికి వెళ్లే ప్రాణవాయువు తగ్గుతుంది. లేహ్‌లో సముద్రతీరంలో వున్నదానిలో మూడింట రెండు వంతులే వుంటుంది. తాంగ్లాంగ్ లా మీద సగానికి కొంచెం ఎక్కువ. శరీరం దీనికి అలవాటు పడగలదు. ఊపిరి ఎక్కువ తీసుకుంటుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, కొన్నాళ్లకి రక్తంలో ఎర్రకణాలు పెరుగుతాయి. కాని దానికి రోజులు పడుతుంది. ఆ రోజులు ఇవ్వకుండా పైకి పైకి పోతే జబ్బు చేస్తుంది.

"మావాడు రోజూ వ్యాయామం చేస్తాడండీ, ఇనుములా వుంటాడు" అంటారేమో. బలానికీ దీనికీ సంబంధం లేదు. 1962 యుద్ధకాలంలో మన సైనికుల్ని మైదానాల నుంచి హిమాలయాలకి వేగంగా తరలించవలసి వచ్చింది. వాళ్లంతా పడుచువాళ్లు, కండగలవాళ్లు. అయినా వందలూ వేలూ జబ్బుపడ్డారు. డాక్టర్ ఇందర్ సింగ్, ఆయనతోటి సైనిక వైద్యులు 1,925 మందిని పరీక్షించి, ఆ వివరాలు 1969లో ఒక పేరున్న అమెరికన్ వైద్యపత్రికలో ప్రకటించారు. ఇప్పటికీ ప్రపంచమంతా ఆ వ్యాసాన్ని ప్రస్తావిస్తుంది. నిజానికి బలమైనవాళ్లకే ప్రమాదం ఎక్కువనాలి. ఎందుకంటే వాళ్లు తొందరగా ఎక్కెయ్యగలరు.

ఈ జబ్బు మూడు రకాలుగా కనిపిస్తుంది. మొదటిది మామూలు కొండజబ్బు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, తల తిరగడం. ఎక్కిన కొద్ది గంటల్లో మొదలవుతుంది. అక్కడే ఆగిపోయి ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకుంటే చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. రెండోది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. ఇది తరచు ఎత్తుకి వెళ్లిన రెండో రాత్రి మొదలు నాలుగో రాత్రి లోపున వస్తుంది. కూర్చుని వున్నా ఆయాసం, దగ్గు, పెదవులు నీలంగా మారడం, ముదిరితే గులాబీరంగు నురగతో కఫం. దీన్ని జలుబో న్యుమోనియానో అనుకుని మోసపోతారు. మూడోది మెదడు వాచడం. మాట తడబడుతుంది, అడుగు తడబడుతుంది, మనిషి అయోమయంగా వుంటాడు, ఊరికే చిరాకు పడతాడు, మత్తుగా పడుకుంటాడు. నేలమీద గీత గీసి, మడమకి బొటనవేలు ఆనించి నడవమంటే నడవలేడు. ఈ చివరి రెండూ గంటల్లో ప్రాణం తీస్తాయి. వీటికి అసలు మందు ఒక్కటే, కిందికి దిగడం. ఆక్సిజనూ, ఇంజెక్షన్లూ దిగడానికి వ్యవధి ఇస్తాయి తప్ప దిగడానికి బదులు కావు.

మరి రాకుండా ఏం చెయ్యాలి? వైద్యులు చెప్పే సూత్రం చాలా తేలిక. 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్న రాత్రి పడుకున్న చోటు కంటే 500 మీటర్లకు మించి ఎత్తు వుండకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలి. పగలు ఎంత ఎత్తు ఎక్కి దిగినా ఫరవాలేదు, పడుకునే చోటే లెక్క. అంచేత మీ పిల్లలు ప్రయాణం పథకం చూపించినప్పుడు ఎన్ని కిలోమీటర్లు తొక్కుతారని అడక్కండి. "ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారు? ఆ చోటు ఎత్తెంత?" అని అడగండి. కాగితం మీద రాయించుకుని పక్కనే తీసివేత లెక్క వెయ్యండి. పాలవాడి లెక్క వేసినంత సులువు.

అలా లెక్క వేస్తే ఈ దారిలో ఒక చోట గుండె ఝల్లుమంటుంది. రోహ్‌తాంగ్ దాటాక కేలాంగ్ 3,080 మీటర్లు, ఆ తరవాత జిస్పా 3,200. బాగానే వుంది. చాలామంది అక్కణ్ణుంచి ఒకటే ఉరుకున ఝింగ్ ఝింగ్ బార్‌కో సర్చూకో పోయి పడుకుంటారు. ఇవి సుమారు 4,270, 4,290 మీటర్లు. ఒక్క రాత్రికి వెయ్యి మీటర్ల పైన ఎత్తు! ఆ రాత్రి సర్చూ గుడారాల్లో తలలు పట్టుకుని, వాంతులు చేసుకుంటూ ఎందరో కూర్చుంటారు.

ఇంకో చిక్కు వుంది. కిందికి దిగడమే మందు అన్నాం గదా. సర్చూ నుంచి కిందికి దిగడానికి దారి లేదు! మనాలీ వైపు తిరిగితే ముందు 4,890 మీటర్ల బారాలాచా ఎక్కాలి. లేహ్ వైపు పోతే గాటా మలుపులు 21 ఎక్కి, నకీ లా దాటి, 5,060 మీటర్ల లాచులుంగ్ లా ఎక్కాలి. ఎటు పోయినా ఎక్కిన తరవాతే దిగడం. కోనేట్లోకి దిగినట్టు కాదు, నూతిలో పడినట్టు. కాబట్టి ఒంట్లో బాగా లేనివాళ్లు బారాలాచా దాటడానికి ముందే తేల్చుకోవాలి. జిస్పాలో రెండు రాత్రులుండి, తరవాత పట్సియో దగ్గర 3,800 మీటర్ల లోపున ఒక రాత్రి గుడారం వేసుకుని, అప్పుడు ఝింగ్ ఝింగ్ బార్‌కి పోవాలి. మర్నాడు పొద్దున్న తలనొప్పి లేకుండా, ఫలహారం ఇష్టంగా తినగలిగితేనే బారాలాచా. లేకపోతే అక్కడే ఆగాలి, ఇంకా బాగా లేకపోతే జిస్పాకి దిగాలి. అక్కణ్ణుంచైతే దిగడానికి చక్కని పల్లం దారి వుంది. సర్చూ చేరాక ముదిరితే మటుకు సైకిలు పక్కన పడేసి, ఆక్సిజన్ దొరికితే పెట్టించి, తోడు మనిషిని ఎక్కించి, జీపులోనో లారీలోనో వెంటనే జిస్పా, కేలాంగ్ వైపు దింపెయ్యాలి. జబ్బుగా వున్న మనిషిని ఒంటరిగా వదలకూడదు, ఒంటరిగా పంపకూడదు.

విమానంలో నేరుగా లేహ్‌కి వెళ్లి, అక్కడ సైకిలు అద్దెకి తీసుకుని ఖార్దుంగ్ లా ఎక్కేవాళ్లూ వున్నారు. ఢిల్లీ నుంచి గంటన్నర లోపున 3,500 మీటర్లకి పోతాం. అలా వెళ్లినవాళ్లు కనీసం 48 గంటలు ఏ శ్రమా లేకుండా వుండాలని అక్కడి అధికారులే చెబుతారు. దిగిన రోజున హుషారుగానే వుంటుంది, ఆ హుషారుని నమ్మకూడదు. సుమారు 40 కిలోమీటర్ల ఎక్కుడు తరవాత వచ్చే ఖార్దుంగ్ లా 5,359 మీటర్లు.

మందుల సంగతి. అసిటజోలమైడ్ అనే మాత్ర వుంది, డయామాక్స్ పేరుతో దొరుకుతుంది. శరీరం తొందరగా అలవాటు పడడానికి సాయం చేస్తుంది. కాని సల్ఫా మందులు పడనివాళ్లు దాని విషయం డాక్టరుతో తప్పకుండా చెప్పాలి. మోతాదు డాక్టరే నిర్ణయించాలి, పక్కింటివారి సలహా మీద వేసుకునేది కాదు. తలనొప్పి మాత్ర వేసుకుని నొప్పి తెలియకుండా పైకి ఎక్కడం మహా ప్రమాదం. నిద్రమాత్రలూ, మద్యం అక్కడ పనికిరావు, అవి ఊపిరిని ఇంకా తగ్గిస్తాయి. కరోనా రోజుల్లో మనందరం కొన్న వేలికి పెట్టే ఆక్సిమీటరు వుందిగా, దాన్ని ఇచ్చి పంపవచ్చు. లేహ్‌లో 90కి అటూ ఇటూ అంకె కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, ఆ ఎత్తులో అది మామూలే. అయితే అంకె బాగుందని మనిషి స్థితిని పట్టించుకోకుండా వుండడం తప్పు.

ఎవరు వెళ్లకూడదు? గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు వున్నవాళ్లు డాక్టరు ఒప్పుకోనిదే వెళ్లకూడదు. గర్భిణులు ఇలాంటి యాత్ర మానుకోవడమే మంచిది. ఆడపిల్లల విషయంలో ఇంకొక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మనదేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత వుంది. ప్రాణవాయువుని మోసేది రక్తమే గదా. గాలిలోనూ తక్కువ, రక్తంలోనూ తక్కువ అయితే ఎలా? అంచేత మూడు నెలల ముందే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. తక్కువ వుంటే సరిచేసుకునే వ్యవధి వుంటుంది. ఆడపిల్ల గనక ఆపమని కాదు. మన నిజామాబాదు జిల్లా అమ్మాయి మలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఎవరెస్టు ఎక్కేవాళ్లు పైకీ కిందికీ తిరుగుతూ వారాల తరబడి అలవాటు పడతారు. ఆ ఓపికే మన పిల్లలకీ కావాలి.

ఇక దారిలో వచ్చే ఇతర ప్రమాదాలు. మంచు కరిగి రోడ్డుకి అడ్డంగా పారే వాగులు పొద్దున్న పాదాలు తడిసేటంత వుంటాయి. ఎండెక్కి మంచు కరిగిన కొద్దీ మధ్యాహ్నానికి మోకాళ్లు దాటి ఉరకలు వేస్తాయి. వాటిని పొద్దున్నే దాటాలి. మధ్యాహ్నం గాలి కూడా ఎదురుగా విసిరి కొడుతుంది. అందుకని తెల్లవారుతూనే బయల్దేరి మూడు గంటలకల్లా మకాం వెయ్యడం మంచిది. మనాలీ వైపు జూలై, ఆగస్టుల్లో వానలకి కొండచరియలు విరుగుతాయి. బారాలాచా అవతల ఎడారి, వాన అరుదు. అలాగని ధీమా పనికిరాదు. 2010 ఆగస్టు 5-6 రాత్రి లేహ్‌లో కుంభవృష్టి కురిసి రెండువందలమందికి పైగా పోయారు. వాగు గట్టున గుడారం వెయ్యకూడదు.

ఎక్కుడు కంటే పల్లం ప్రమాదం. చెమటతో తడిసి కనుమ ఎక్కుతారు, పల్లంలో చలిగాలి కొడుతుంది. చేతివేళ్లు కొంకర్లు పోతే బ్రేకు అందదు. కనుమ మీదే పొడి బట్టలు మార్చుకుని, గాలి చొరని కోటు, చేతితొడుగులు వేసుకుని అప్పుడు దిగాలి. బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయించి, ఇంకో జత దగ్గర వుంచుకోవాలి. ట్యూబులు, పంక్చరు సామాను, చెయిన్ ముక్క, స్పోకులు కూడా. పాంగ్ దాటాక మోరే మైదానం దాదాపు 40 కిలోమీటర్లు, సైకిలు షాపు మాట దేవుడెరుగు, తాగునీరే దొరకదు. తలకి హెల్మెట్టు, కళ్లకి మంచి నల్లద్దాలు వుండాలి. అక్కడి ఎండలో అతినీల లోహిత కిరణాలు ఎక్కువ, మంచుమీద ప్రతిఫలిస్తే కళ్లు మండి ఒకటి రెండు రోజులు చూపు ఆనదు.

ఇంకొక సంగతి మనకి బాగా తెలిసినదే. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకూడదని పెద్దలు చెప్పేవారు. గుడారంలో స్టవ్వు వెలిగించడం కూడా అంతే. కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకి వాసన వుండదు. దాని మొదటి లక్షణం తలనొప్పే గనక కొండజబ్బు అనుకుంటారు. వంట బయటే చెయ్యాలి.

మనం కట్టి ఇచ్చేవాటిలో ఆవకాయ సీసాలు వద్దు, బరువూ, పగిలే భయమూ. వేయించిన అటుకులు, వేరుసెనగ ఉండలు, ఖర్జూరాలు, బెల్లం, గ్లూకోజు, ఓఆర్ఎస్ పొట్లాలు ఇవ్వండి. ఎత్తులో నూనెవంటకాలు సయించవు, పిండిపదార్థాలు, తీపి తేలిగ్గా ఒంటబడతాయి. దాహం వెయ్యకపోయినా నీళ్లు తాగాలి, మూత్రం లేత రంగులో వుండేలా చూసుకుంటే చాలు.

ఇక ఇంటి దగ్గర మన పని. దారిలో చాలా భాగం ఫోను పలకదు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచెయ్యవు, పోస్ట్‌పెయిడ్ వుండాలి. అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోను తీసుకువెళ్లడం మనదేశంలో నేరం. అంచేత మూడు కాగితాలు తయారుచెయ్యండి. మొదటిదానిలో ఏ రాత్రి ఎక్కడో, వెంట వెళ్లేవాళ్ల పేర్లు, వాళ్ల ఇళ్ల ఫోన్లు. రెండోదానిలో పిల్లల రక్తం గ్రూపు, పడని మందులు. ఇది వాళ్ల జేబులోనూ ఒకటి వుండాలి. మూడోదానిలో కేలాంగ్, లేహ్ పోలీసు కంట్రోలు రూముల నెంబర్లు, లేహ్ సోనమ్ నుర్బూ ఆస్పత్రి నెంబరు. మనం ఇక్కడినుంచి 112 చేస్తే మన రాష్ట్రంలో పలుకుతుంది, అందుకని అక్కడి నెంబర్లు ముందే కనుక్కోవాలి. జిస్పా వదిలాక మళ్లీ ఏ రోజు ఫోను వస్తుందో, ఆ రోజు దాటి ఎంతసేపు ఆగి మనం పోలీసులకి చెప్పాలో ముందే ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒక రోజు ఆలస్యం మామూలే, రోడ్డు మూసెయ్యవచ్చు. ఆ ఒక రోజూ లెక్కలో వేసుకోండి.

ఫోను వచ్చినప్పుడు "బాగున్నావా?" అంటే "బాగున్నాను" అంటారు, మన పిల్లల సంగతి తెలియందా! "రాత్రి ఏం తిన్నావు? ఇష్టంగా తిన్నావా? తలనొప్పి వుందా? నిద్ర పట్టిందా? కూర్చుంటే ఆయాసం వుందా?" అని అడగండి. పిల్లలు విసుక్కునే మన "అన్నం తిన్నావా?" అక్కడ వైద్యుడు అడిగే ప్రశ్నే. మాట ముద్దగా వచ్చినా, అడిగిందానికి పొంతన లేని జవాబు చెప్పినా, పక్కనున్న స్నేహితుడికి ఫోను ఇమ్మని, "బాబూ, వీణ్ణి ఇప్పుడే దింపెయ్యండి" అని గట్టిగా చెప్పండి. మెదడు వాచినవాడికి తనకి జబ్బుగా వున్నట్టు తెలియదు, బయటివాళ్లే గుర్తుపట్టాలి.

చివరగా, బయల్దేరేముందు ఒక్క మాట ఇవ్వండి. జట్టులో ఒకరికి బాగా లేక అందరూ ఆగిపోతే సిగ్గుపడతారు. ఖర్చు దండగైందనీ, నాన్న ఏమంటారోననీ భయపడతారు. ఆ మొహమాటంతోనే మరో కనుమ ఎక్కుతారు. అంచేత "సగంలో తిరిగి వచ్చినా నిన్నెవరూ ఒక్క మాట అనరు, డబ్బు పోతే పోనీ" అని మనం ముందే చెప్పాలి. ఆయన చేత కూడా చెప్పించండి. ఆ మాట విన్నవాళ్లకి తిరిగి దిగడం కష్టం కాదు. కొండలెక్కడికీ పోవు, మరుసటేడు మళ్లీ వెళ్లవచ్చు.